డెక్క దూరని కంచె

“ఆ చుట్ట కిందికి దించొద్దు పాపా! ఆటోలోనే ఉండనీ!”

ముళ్లతీగ చుట్ట మీద చెయ్యి వేసిన తనూజ ఉలిక్కిపడి తిరిగి చూసింది.

తెల్ల గడ్డం, భుజాన ఎర్ర తువ్వాల. ఎవరో ముసలి సాయిబు. ప్రొద్దుటూరు శివార్లలో తమ ఇంటి పక్కనున్న ఖాళీ స్థలంలోకి ఎప్పుడొచ్చాడో ఆమె చూడనే లేదు.

“ఎవరప్పా నువ్వు? ఎందుకు దించొద్దు?”

“గుర్రాలకు ముళ్లతీగ కడ్తారా ఎవరన్నా? బెదిరినాయంటే ఈడ కంచె ఉందని చూస్తాయా? పోయి మీద పడ్తాయి. వొళ్లంతా చీరుకపోతాది.”

వేపచెట్టు నీడలో బెల్లం, బొరుగు గడ్డి నములుతున్నాయి. పెద్ద పొట్టేలంత ఎత్తుండే రెండు పొట్టి గుర్రాలకు ఆమె పెట్టుకున్న పేర్లవి.

భర్త కిషోర్ పనిచేసే మిల్లు మూతపడ్డాక, ఉన్నదంతా ఊడ్చి తెచ్చుకున్న జీవాలవి. వచ్చే ఆదివారం నుంచి పులివెందుల పిల్లల పార్కులో బుల్లి బండి లాగుతూ పసివాళ్లను తిప్పాలి. ఈలోగా కంచె పడాలి. ఊరకుక్కలు అప్పుడే వాసన పట్టాయి.

“ఏ అంగడి తరఫున వచ్చినావు?” తనూజ సూటిగానే అడిగేసింది.

ముసలాయన నవ్వాడు.

“అంగడీ లేదు, కమీషనూ లేదు తల్లీ. ముళ్లతీగలో చిక్కుకున్న గుర్రాన్ని ఒకతూరి చూసినా. దాని అరుపు ఇన్నోడు ఊరికే చూస్తా పోలేడు.”

తనూజ చుట్ట మీది చెయ్యి తీసేసింది.

“ఇనప జాలీ పలకలు కట్టాలని మాకు మాత్రం లేదా? శానా ధర చెప్తాండారప్పా. మేం తట్టుకోలేం.”

“కొత్తవి ఎవరు కొనమన్యారు? జమ్మలమడుగు కాడ గొర్రెల షెడ్డు ఒకటి పీకేస్తాండారు. దానికుండేవి జాలీ పలకలే. పోయి అడుగుదాం, రా.”

ముళ్లతీగను అంగట్లో తిరిగిచ్చేసి, అదే ఆటోలో జమ్మలమడుగు దారి పట్టారు.

షెడ్డు దగ్గర పలకలు రెండు రకాలున్నాయి. పెద్ద కంతలవి కుప్పలుగా పడున్నాయి, చవక. తనూజ వాటి దగ్గరికే నడిచింది.

“ఇవి సరిపోవా?”

“కాలు దూరుతాది. దూరింది మళ్లా బయటికి రాదు. గింజుకుంటే ఎముక ఇరుగుతాది.”

తనూజ చుట్టూ చూసింది. పక్కనున్న టీ బంకులో ఒక గ్లాసు అడిగి తెచ్చింది.

“మా బొరుగు డెక్క ఇంచుమించు ఇంతే ఉంటాది.”

గ్లాసు పెద్ద కంతలోంచి ఇట్టే జారి అవతల పడింది. సన్న కంతల పలకలో మాత్రం అడుగు కూడా దూరలేదు.

“భలేదానివే!” ముసలాయన మొహం వెలిగిపోయింది. “నాకెప్పుడూ తట్టలేదే ఈ ఉపాయం!”

కానీ సన్న కంతలవి తక్కువే ఉన్నాయి. స్థలం చుట్టూ రావు.

“అంతా వద్దులే. చెట్టు చుట్టూ సగం స్థలానికే కడతా. తక్కినది తర్వాత చూసుకుంటా,” అంది తనూజ.

“అదీ మాట!”

బేరం ఆయనే ఆడాడు. సొంత కూతురికి సారె పెడుతున్నట్టు ఒక్కో పలకనూ తట్టి, వంచి, తుప్పు గీకి చూసి మరీ ఎంచాడు.

మర్నాడు కిషోర్ రాతి కూసాలు పాతుతుంటే ముసలాయన పొద్దున్నే దిగాడు.

“పలకలు లోపలి పక్క రావాల నాయనా. గుర్రాలు వొళ్లు రుద్దుకుంటాయి. కట్టుతీగ కొనలు బయటికి తిప్పు.”

అంతా అయ్యాక కంచె పొడవునా ఉత్త అరచెయ్యి రాస్తూ నడిచాడు. గీసుకున్న చోటల్లా ఆగి ఆకురాయితో అరగదీశాడు.

అన్నం తినమంటే తినలేదు. మంచినీళ్లు తాగాడు. బొరుగు మెడ కింద గోకుతుంటే అది ఆయన భుజం మీద మూతి ఆనించి కళ్లు మూసుకుంది.

“పేరన్నా చెప్పప్పా!”

“సత్తార్ అంటారు తల్లీ.”

నంబరు రాసుకుందామని తనూజ ఇంట్లోంచి ఫోను తెచ్చేలోపే రోడ్డు మీద బస్సెక్కేశాడు.

శుక్రవారం సాయంత్రం కుక్కల గుంపు వచ్చిపడింది.

గుర్రాలు బెదిరి పరుగెత్తి కంచెను ఢీకొన్నాయి. జాలీ బయటికి వంగి, వాటిని మెత్తగా వెనక్కి తోసింది. కుక్కలు బయటే మొరిగి మొరిగి పోయాయి.

తనూజ ఒక్కో కాలూ తడిమి చూసింది. చిన్న గీత కూడా లేదు.

అక్కడే నేల మీద కూలబడి ఏడ్చేసింది. ఆ పెద్దాయన కాళ్లకు మొక్కాలనిపించింది.

ఆదివారం పులివెందుల పార్కులో పిల్లల కేకలు మిన్నంటాయి. బుల్లి బండి దిగమంటే ఎవరూ దిగరు.

మేనేజరు వెంకటరమణయ్య దగ్గరికొచ్చి మెచ్చుకున్నాడు.

“అంతా ఒక పెద్దాయన చలవ సార్,” అంది తనూజ. “సత్తార్ అని. కంచె దగ్గరుండి కట్టిపిచ్చినాడు. గుర్రాల సంగతి తెలిసినోళ్లు మీకు ఎరుకే కదా. ఆయన యాడుంటాడో ఏమన్నా తెలుసునా?”

వెంకటరమణయ్య నవ్వు ఆగిపోయింది.

“తెల్ల గడ్డం, ఎర్ర తువ్వాలా?”

“ఆ, ఆయనే!”

“ఈ ఊరాయనే. గుర్రాన్ని అమ్మేసి నిన్ననే కూతురి ఊరికి ఎల్లిపాయె.”

“ఆయనకూ గుర్రముందా?”

“ఇన్నేండ్లూ ఈ పార్కులో పిల్లోళ్లను తిప్పింది ఆ గుర్రమే కదమ్మా. పొట్టి గుర్రాలొస్తాండాయి, ఇంక నువ్వు రావద్దప్పా అని నేనే చెప్తి.”

వెంకటరమణయ్య తల దించుకున్నాడు.

“ఒక్క మాట అనలేదమ్మా. ఆ చిన్న గుర్రాలను యాడ పెడ్తారు, వాటికి కంచె ఉందా అని మాత్రం అడిగి, ఆ పొద్దే ప్రొద్దుటూరు బస్సెక్కినాడు.”