అయ్య చెప్పిన చోటు

శనివారం పొద్దు వాలింది. ఢిల్లీరావు బోటు వెనకాల రెండు గాలాలూ పొద్దున్నించీ నీళ్ళల్లో ఈడ్చుకుంటూ వస్తూనే ఉన్నాయి గానీ, ఒక్క చేప వాటి మొహం చూసిన పాపాన పోలేదు.

“ఏటి ఢిల్లీరావు, మేం వస్తన్నామని మీ చేపలు ఊరెళ్ళిపోయాయా?” అన్నాడు పలాస నించి వచ్చిన జీడిపప్పు వ్యాపారి భానుప్రకాష్.

“ఉన్నాయి బాబూ. రేపు సూడండి.”

“రేపూ ఇలాగైతే మరి ఇటేపు రాం,” అంది ఆయన భార్య తనూజ, ఎండకి కందిపోయిన మొహం కొంగుతో ఒత్తుకుంటూ. “వీధిలో ఇంటింటికీ కోనాం చేప ముక్కలు పంపుతానని చెప్పొచ్చాను. వట్టి చేతుల్తో పోతే నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

పెద్ద తుఫాను పోయిన మరుసటేడు ఢిల్లీరావు ఊరు భావనపాడులో మొదలైన కొత్త బేరం ఇది. శని ఆదివారాలు పట్నం వాళ్ళని బోటెక్కించుకోవడం, బోటు సాగుతుంటే వెనకాల వాళ్ళ చేత గాలాలు లాగించడం, పడిన చేప వాళ్ళకే ఇచ్చేయడం. ఎవడి బోటులో చేప పడితే పై వారం జనం వాడి బోటుకే వస్తారు. ఈ బేరం గానీ నిలబడకపోతే ఢిల్లీరావు మళ్ళీ గుజరాతు రైలెక్కి, వీరావల్‌లో పరాయి బోట్ల మీద కూలికి పోవాల్సిందే.

ఒడ్డుకి రాగానే తమ్ముడు వరహాలు ఎదురయ్యాడు. వాడికీ ఓ బోటుంది, వాడూ ఆ వేళ టెక్కలి వాళ్ళు నలుగుర్ని ఎక్కించుకెళ్ళాడు.

“అన్నియ్యా, గాలాలు తడిపి తెద్దామని ఎల్లావా?”

“నీ బోటులో ఏటి పడిందిరా?”

“వాంతులు పడ్డాయి. నలుగురికీ.”

ఇద్దరూ నవ్వేరు.

ఇంటికొచ్చి ఢిల్లీరావు కూచుంటే లేస్తాడు, లేస్తే కూచుంటాడు. భార్య దాలమ్మ గంజి ముందు పెట్టింది.

“మావా, మీ అయ్య సెప్పిన సోటుకి తీసుకెల్లరాదా?”

“నెమ్మదే. గోడకి సెవులుంటాయి.”

“గోడెక్కడిది మనకి? కొబ్బరాకు తడిక.”

“దానికింకా పెద్ద సెవులు. ‘నీకొక్కడికే సెప్తన్నాను, నీ తమ్ముడికి కూడా తెలనీకు’ అని గంగమ్మ మీద ఒట్టేయించుకున్నాడే అయ్య. ఆడికి తెలిస్తే ఊరికి తెల్సినట్టే. నాకు పొలవా, పుట్రా? ఆ సోటే నా ఆస్తి.”

“ఆస్తిని సముద్రంలో దాసేసి, నువ్వు వీరావలెల్లి ఎవుడి బోటో కడుగు,” అని దాలమ్మ గంజిలోకి ఎండుచేప విసిరినట్టు వేసింది.

ఆ చోటంటే మరేం కాదు, నీటి అడుగున రాతి పరుపు. కోనాం చేపలు దాని చుట్టూనే తిరుగుతాయి. నీళ్ళ మీద దానికి ఆనవాలుండదు, గుర్తులన్నీ గట్టు మీదే. వంగిన తాడిచెట్టు సరిగ్గా కొండ నొక్కు కిందకి రావాలి, సరుగుడు తోట వెనక నించి తుఫాను షెల్టరు తెల్లగోడ తొంగి చూడాలి. ఆ రెండూ ఒక్కసారి కంటబడితే ఎవడైనా మళ్ళీ వచ్చి వాలిపోగలడు.

ఆదివారం తెల్లారేక బోటు తీశాడు. దొంగలా ముందు ఉత్తరానికి పోయాడు. వెనక ఎవరూ లేరని చూసుకుని దక్షిణానికి తిప్పాడు. మళ్ళీ వెనక్కి చూశాడు. అలా చూసీ చూసీ మెడ పట్టేసింది. దూరాన తాడిచెట్టు కొండ కేసి జరుగుతుండగా ఇంజను నెమ్మది చేసి, రెండు తువ్వాళ్ళు తీశాడు.

“బాబూ, అమ్మా, ఇక్కణ్ణించి కల్లకి కట్టుకోవాల. గంగమ్మ తల్లి మసిలే దారి.”

“చూస్తే ఏమవుద్ది?” అన్నాడు భానుప్రకాష్.

“తల్లికి సిగ్గు. మా అయ్య కూడా పరాయోల్లు ఎక్కితే ఇలాగే కట్టీవోడు.”

“కట్టండి, కట్టండి,” అంది తనూజ. “పెళ్ళిలోనూ ఇలాగే తెర అడ్డం పెట్టారు. తీశాక ఈయన కనిపించారు. ఇంతకన్నా ఏమవుద్దిలే.”

తాడిచెట్టు నొక్కు కింద కుదురుకుంది. తెల్లగోడ తొంగి చూసింది. అంతే, తనూజ చేతిలో గాలం తాడు జర్రున లాగింది.

“ఏవండీ, ఎవరో లాగుతున్నారు.”

“వదలకమ్మా, అదే కోనాం,” అంటూ ఢిల్లీరావు ఓ చెయ్యేశాడు. మూరెడు పైన పొడుగున్న చేప వెండి కడ్డీలా వచ్చి బోటులో పడి, తోకతో భానుప్రకాష్ పిక్క మీద ఫెడీమని కొట్టింది. కాసేపట్లో ఆయన గాలానికీ ఇంకోటి. కళ్ళు కట్టుకున్న మొగుడూ పెళ్ళాలు చేపల్ని తడిమి తడిమి నవ్వుతున్నారు.

“పై వారం మా వియ్యాల వారిని కూడా తీసుకొస్తాం, ఢిల్లీరావు,” అంది తనూజ.

హమ్మయ్య, వీరావల్ తప్పింది, అయ్య మాటా దక్కింది అనుకుని ఢిల్లీరావు గట్టు కేసి దణ్ణం పెట్టబోతుంటే, వెనకాల ఇంజను చప్పుడు వినిపించింది. రానురాను దగ్గరైంది. గిర్రున తిరిగి చూశాడు. తమ్ముడు వరహాలు, చుక్కాని పట్టుకుని, తాడిచెట్టు మీంచి చూపు తిప్పకుండా సూటిగా ఇటే వస్తున్నాడు.

“ఎవరొస్తున్నారు, ఢిల్లీరావు?” అన్నాడు భానుప్రకాష్, తువ్వాలు సర్దుకుంటూ.

“ఎవులూ లేరు బాబూ,” అన్నాడు ఢిల్లీరావు.

వరహాలు బోటులో టెక్కలి వాళ్ళు నలుగురూ, కళ్ళకి తువ్వాళ్ళు కట్టుకుని, బుద్ధిగా వరసన కూచుని ఉన్నారు.