నిద్రపోనివ్వని బురదపురుగు

సముద్రపు నీరు లోపలికొచ్చే మొగ ఇసుకతో పూడిపోయి, ఉప్పుమడుగులోకి ఆటుపోట్లు రాని ఏడాది, నడివేసవిలో జరిగింది ఇది.

మడుగు అడుగున ఒక బురదపురుగు అస్తమానం బొరియలు తవ్వుతూ, పైనీటిని బురదలోకి తోస్తూ ఉండేది. పక్కనే పిల్లలతో కాపురమున్న గుల్లకు విసుగొచ్చింది.

"ఏమయ్యా, నీకు నిద్ర లేకపోతే మాకూ ఉండకూడదా? నా పిల్లలు మట్టి మింగలేక చస్తున్నారు."

"కింద నల్లబురద ఉందక్కా. పైనీళ్లలోని గాలి తగలకపోతే విషం కక్కుతుంది. నేను ఆగితే పైకొచ్చేస్తుంది."

"వస్తే చిప్పలు మూసుకుంటాం. మా తాతలూ అదే చేశారు. నువ్వు దయచెయ్యి!"

పురుగు చిన్నబుచ్చుకుని అవతలి ఒడ్డుకు పాకిపోయింది. బొరియలు పూడిపోయాయి. నీళ్లు తేటపడ్డాయి. పిల్లలు హాయిగా నిద్రపోయాయి.

కొన్నాళ్లకు బురదలోంచి కుళ్లిన గుడ్ల వాసన లేచింది.

"మూయండర్రా!" అని గుల్ల అరిచింది. అన్నీ చిప్పలు బిగించి, వాసన పోతే తెరుద్దామని కాచుకున్నాయి. కడిగేసే ఆటుపోటు లేక అది పోలేదు. లోపల పట్టిన నీళ్లలో గాలి అయిపోయింది.

"అమ్మా, తెరవమంటావా?" అని చిన్నది అడిగింది.

"ఇంకాసేపు ఓర్చుకో."

పెద్ద చిప్పలో నీళ్లెక్కువ పట్టాయి కాబట్టి తల్లి బతికింది. పిల్లల్లో ఒక్కటీ మిగల్లేదు.