చివరి అంకె

"నా రక్తం బీ గ్రూపమ్మా. ఇందులో ఓ అని ఉంది. ఇది నాది కాదు," అంటూ పెద్దాయన ఫోను బల్ల మీద పెట్టాడు. బస్సు నడిపి రిటైరైన మనిషి. కంటిమీద కునుకు లేదని ముఖమే చెబుతోంది. రక్తంలో చెడ్డ కణాలు కనబడ్డాయని రిపోర్టు. గోప్యత కోసం దానిమీద పేరుండదు, నంబరొక్కటే.

"చెడ్డ కబురు వస్తే అందరూ ఇదే అంటారండీ," అన్నాడు ల్యాబు ఇన్‌చార్జి.

"ఒక్క నిమిషం," అంది ప్రోగ్రామర్. రిపోర్టులు చూపించే ఆ ల్యాబు వెబ్‌సైటు ఈమధ్యే ఆమె చేతికొచ్చింది. రసీదు మీది పొడవాటి నంబరు చివర మూడు ఉంది. స్క్రీను మీద రెండు.

ఇన్‌చార్జి నోరు తెరిచాడు. "మీకు ముందు పనిచేసినతను నంబర్లన్నీ స్ట్రింగ్‌గా, అదే అక్షరాల వరసగా, మార్చానన్నాడే?"

"మార్చాడు, చేతులు కాలాక. ఇంత పొడుగు నంబరును లెక్కల సంఖ్యగా తీసుకుంటే ఈ సైటు రాసిన జావాస్క్రిప్టు భాష చివరి అంకెని పక్క అంకెకి సర్దేస్తుంది. తరవాత స్ట్రింగ్ చేస్తే ఆ తప్పే అక్షరాలా అచ్చవుతుంది. మొదట్నుంచీ స్ట్రింగ్‌గానే ఉంచాలి."

"అంటే?" అడిగాడు పెద్దాయన.

"మీకు పక్క నంబరు వాళ్లది చూపించింది."

"ఆరోజు మన స్టాఫ్ రక్త పరీక్షలు కూడా, ఒకటే రద్దీ," గొణిగాడు ఇన్‌చార్జి.

ఆమె రెండుతో ముగిసే నంబరు వెతికింది. స్క్రీను కాస్త తనవైపు తిప్పుకుంది. తరవాత కోడు సరిచేసింది. ఎందుకో రెండుసార్లు తప్పు కొట్టి మళ్లీ రాసింది.

కొత్త రిపోర్టు తెరుచుకుంది. బీ గ్రూపు. అన్నీ బాగానే ఉన్నాయి.

పెద్దాయన కుర్చీలో కూలబడి, భార్యకి ఫోను చేశాడు. "ఏమే, నాకేం లేదే! ఏడవకే, నిజంగానే!" కళ్లు తుడుచుకుని ప్రోగ్రామర్ వైపు తిరిగాడు. "మరి ఆ పక్క నంబరు వాళ్లకి తెలుసా అమ్మా?"

"ఇంకా రిపోర్టు తెరవలేదండీ."

"పాపం, పిల్లలున్నవాళ్లేమో. నెమ్మదిగా చెప్పండి."

"అలాగేనండీ."

"నువ్వు నూరేళ్లు చల్లగా ఉండు తల్లీ," అని దీవించి వెళ్లిపోయాడాయన.

ఇన్‌చార్జి ఫోను అందుకున్నాడు. "వాళ్లకి నేను చెప్పనా?"

"వద్దండీ. నేను చూసుకుంటాను."

రెండుతో ముగిసే ఆ నంబరు ఆమెదే.