ఏ పని మీద ఫోన్ చేశారు?

"రాడెన్ గారు ఫోను పెట్టేశారు పాక్. చాలా కోపంగా ఉన్నారు," అన్నాడు ముల్యాది, వాకిట్లో బండికి స్టాండు వేస్తూనే. పాక్ అంటే మావైపు 'అయ్యా' అన్నట్టు.

దర్మాంతో చేతిలోని చేపల మేత డబ్బాను అరుగు మీద కుదేశాడు. సోలో పట్నం నుంచి రాడెన్ హర్యోకుసుమో ఫోను కోసం ఆయన పొద్దున్నుంచీ వేయికళ్లతో ఎదురుచూస్తున్నాడు. ఇంటి ముందు మండపంలో ఉన్న గామెలాన్ మేళాన్ని, ఆ కంచు గంటల్నీ పలకల్నీ మొత్తంగా, రాడెన్ గారు తన కొత్త హోటల్‌లో అలంకారానికి పెట్టుకుంటానన్నారు. ముల్యాది కుదిర్చిన బేరం అది. ఆ సొమ్ముతో పెరటి వెనక స్థలం కొని చేపల చెరువు పెద్దది చేయాలని దర్మాంతో ఆశ.

"నేను చెరువు దగ్గరే ఉన్నాను. ఫోను మోగితే మా ఆవిడ పిలిచేదే."

"మోగేలోపే ఎత్తేసిందట. ఎవరో ఆడగొంతు, 'మీ పేరు చెప్పండి. ఏ పని మీద ఫోన్ చేశారో చెప్పండి' అందట. అది మనిషి కాదు పాక్. కొత్త అప్‌డేట్ వచ్చిందిగా, తెలియని నంబరైతే ఫోనే ఎత్తి ఆరా తీస్తుంది."

మా జావాలో పెద్దమనిషిని అలా అడగడం చెంప మీద కొట్టడంతో సమానం. ముందు ఆరోగ్యాలు, తర్వాత వానలు, వరి కోతలు, మనవలు. కాఫీ చల్లారితే గాని అసలు సంగతి నోటికి రాదు. రాడెన్ గారు ఇంట్లో అందరూ క్షేమమేనా అని మొదలుపెట్టబోతే, ఆ గొంతు "క్లుప్తంగా చెప్పండి" అందట. రాజుల వంశంలో పుట్టిన మనిషి ఆయన. కన్నతండ్రి కూడా ఆయన్ని ఏనాడూ క్లుప్తంగా చెప్పమని ఉండడు.

దర్మాంతో విసవిసా వంటింట్లోకి వెళ్లాడు. బ్యాటరీ గంటసేపైనా నిలవదు గనక ఆయన ఫోను ఎప్పుడూ అక్కడే, గూట్లో చార్జింగ్‌కి వేలాడుతూ ఉంటుంది. భార్య వార్సిని సోయాగింజల టెంపే ముక్కలు వేయిస్తోంది. రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని బండ్ల రాకపోకలు చెప్పి రిటైరైన మనిషి. ఇంట్లో మాత్రం మాట మహా పొదుపు.

"ఈ దిక్కుమాలిన అప్‌డేట్ ఎవరు పెట్టారు దీంట్లో?"

"నిన్న ఏదో అడిగింది. సరే అని నొక్కాను."

"అడిగిన ప్రతిదానికీ సరే అనడమేనా? కాదనడం నీకు పుట్టుకతోనే రాలేదా?"

ఆమె ముక్కల్ని రెండోవైపు తిరగేసింది.

నిజానికి ఆ మేళం ఆమె తండ్రిది. కొలిమి ముందు చెమటలు కక్కుతూ ఒక్కో గంటనీ ఆయనే సాగగొట్టి, శ్రుతి చేసి, పోయేముందు కూతురికి ఇచ్చిపోయాడు. ఆమెను అడక్కుండా అమ్మేస్తున్నాడని దర్మాంతోని ఎవరూ అనడానికి లేదు. అడిగాడు. "మీ ఇష్టం" అంది. ఇంకేం కావాలి?

సాయంత్రం టీ బండి దగ్గర ఊరంతా ఇదే రగడ. కట్టెల అడితి యజమాని ఫోను ఆయన వియ్యంకుడినే ఎవరు నువ్వని నిలదీసిందట. వియ్యంకుడు అలిగి పిల్లని పంపననేశాడు. మసీదు కమిటీ పెద్ద చందా కోసం ఫోన్ చేసిన చోటల్లా పని చెప్పలేక నీళ్లు నమిలాడట. మర్యాద తెలియని దేశంలో కూర్చుని ఎవడో కుర్రకుంక తయారుచేస్తే, తలవంపులు మనకా అని దర్మాంతో బల్ల గుద్దాడు. టీ గ్లాసులు ఎగిరిపడ్డాయి.

మర్నాడు ఆయనే, చార్జింగ్ తీగ తీయకుండా గూటి దగ్గరే నిలబడి, రాడెన్ గారికి ఫోన్ చేశాడు. క్షమాపణలకీ వానలకీ కోతలకీ పూటంతా పట్టింది. క్షమాపణ చెప్పిన నోటితోనే బేరం ఎత్తడం బాగుండదు కదా. శుక్రవారం మంచిరోజు, నేనే చేసి ఖాయం చేస్తానన్నారు రాడెన్ గారు. దర్మాంతో ఫోను భార్య చేతిలో పెట్టి, ఆ నంబరు పేరుతో సహా ఎక్కించమన్నాడు. తెలిసిన నంబరైతే మిషను నోరెత్తదని టీ బండి దగ్గర విన్నాడు. ఆమె ఎక్కించింది.

శుక్రవారం చెరువు దగ్గరికి ముల్యాది నడిచి వచ్చాడు. ఆ నడక చూసే దర్మాంతో మేత చల్లడం ఆపేశాడు.

"మళ్లీ అడిగిందా?"

"అడిగింది. ఆయన కోపం దిగమింగుకుని పేరు చెప్పారట. పని కూడా చెప్పారట పాక్, పాపం, నలుగురి ముందూ. గామెలాన్ కొనడానికి అని. అప్పుడు 'ఇక్కడ అమ్మకానికి ఏమీ లేదు' అని పెట్టేసిందట." ముల్యాది గొంతు తగ్గించాడు. "క్లాతెన్‌లో ఇంకొకరి మేళానికి బయానా ఇచ్చేశారు."

దర్మాంతో వంటింట్లోకి వెళ్లి ఫోనుని తీగతో సహా పెరికాడు. పోయిన బేరం పోయింది, ఇప్పుడు ఈ ఎండలో ఎందుకని వార్సిని వారించింది. వినే స్థితిలో లేడాయన. కళ్లెర్రజేసుకుని బజారుకి వెళ్లి, ఫోన్ల దుకాణంలో వరసలో ఉన్నవాళ్లని తోసుకుని ముందుకెళ్లాడు.

"తీసెయ్. ఇందులో కూర్చున్న ఆ ఆడమనిషిని ఇప్పుడే తీసెయ్. నా ఇంటి సంగతులు నిర్ణయించడానికి అదెవతె?"

దుకాణం నడిపే యులియానా పొద్దున్నుంచీ ఇలాంటి తిట్లు తింటూనే ఉంది. ఫోను అందుకుని, అటూ ఇటూ తిప్పి, రెండు మీటలు నొక్కి చూసి, ఆయన చేతిలోనే తిరిగి పెట్టింది.

"ఇంత పాత ఫోనుకి ఆ అప్‌డేట్ రాదు పాక్."