మళ్ళీ అదే పాఠం

అమలమ్మ ఈసారి కూడా తప్పింది.

శాలిని కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. గన్నవరం దగ్గరి ఈ బూట్ల ఫ్యాక్టరీలో మంచి తోలు ఎంచడం నేర్పించడం ఆమె ఉద్యోగం. నేర్పడమంటే పెద్దగా ఏమీ లేదు. పాతవాళ్ల పనితనం వాళ్లతోనే పోకూడదని, శాలిని చేరకముందే ఎవరో ఒక వీడియో తీయించి పెట్టారు. అది చూపించి నాలుగు ప్రశ్నలు అడగాలి. చెప్పినవాళ్లు పనిలోకి వెళతారు. చెప్పలేనివాళ్లు మళ్ళీ వీడియో చూస్తారు.

అందరూ ఒక్కసారికే గట్టెక్కారు. అమలమ్మ మాత్రం ఆ గది వదలడం లేదు.

"మేనేజర్ జాన్సన్ గారు ఇంక ఊరుకోరండీ. ఇవాళ చెప్పకపోతే మిమ్మల్ని తీసేస్తారట. రోజూ గుణదల నుంచి బస్సులు మారి వచ్చేది ఇందుకేనా?"

"ఇంకొక్కసారి వెయ్యమ్మా. ఈసారి చెబుతాను."

"పోయినసారీ ఇదే మాటన్నారు."

ఈ ఒక్క మనిషిని దాటించడానికి ఇంత ఆలస్యమెందుకు ప్రభూ, అనుకుంటూ శాలిని వీడియో పెట్టింది. తెర మీద రెండు చేతులు తోలును వంచుతున్నాయి. మొహం కనపడదు. పేరు లేదు. మాట మాత్రం వినపడుతుంది.

"ఇట్టా బొటనేలు పెట్టి వంచండి. ముడతలు సన్నగా పడితే మంచి తోలు. లావుగా పడ్డాయా, పక్కన పడెయ్యండి."

మధ్యలో దగ్గు. అమలమ్మ చెయ్యి తన నీళ్ల సీసా మీదికి పోయి, ఆగింది.

"ఈ దగ్గొకటి," అని విసుక్కుంది శాలిని. "సోమవారం నుంచి కొత్తది వస్తుందిలెండి, బొమ్మలతో. దీన్ని తీసేస్తారు."

వీడియో అయిపోయి తెర నల్లబడ్డాక కూడా అమలమ్మ అటే చూస్తూ కూర్చుంది.

శాలిని ఆమె చేతికి ఒక తోలు ముక్క ఇచ్చింది. "చెప్పండి మరి."

అమలమ్మ బొటనవేలు పెట్టి వంచింది. "మంచిదేనమ్మా. బూటు పైభాగానికి వాడొచ్చు."

తక్కిన మూడింటికీ తడుముకోకుండా చెప్పింది.

శాలిని తెల్లబోయింది. "అన్నీ వచ్చు మీకు. మరి ఇన్నాళ్లూ నాతో ఆడుకున్నారా?"

"పాసైతే మళ్ళీ చూడనివ్వరు గదమ్మా," అంది అమలమ్మ, తోలు ముక్క తిరిగి ఇచ్చేస్తూ.

"చూడటానికి ఏముందండీ అందులో?"

"మా ఆయన పోయాక ఇంట్లో ఫొటో మిగిలింది గానీ, ఆయన గొంతు మాత్రం ఈ గదిలోనే ఉందమ్మా."