అక్షరానికో పురుగు

"పిల్లలేరీ?" జీపు దిగుతూనే అడిగింది సూపర్‌వైజరు వెంకటరావమ్మ.

"తెర వెనకున్నారండి. మా ఆయా వాళ్ళకి వేషాలు కడుతోంది," అంది అంగన్‌వాడీ టీచరు సుబ్బరావమ్మ.

వెంకటరావమ్మ కుర్చీలో కూలబడి ఫైలు తెరిచింది. "పదిహేనుమందికి ఒక్కరు తగ్గినా ఈ కేంద్రాన్ని పక్క ఊళ్ళో కలిపేయమని ఆర్డరు. మిరపకోతలప్పుడు పిల్లల్ని చేలకి తీసుకుపోతారుగా, అందుకే ఇప్పుడొచ్చా."

పక్క ఊరంటే మూడు కిలోమీటర్లు, మధ్యలో కాలవ. నాలుగేళ్ళవాళ్ళు నడిచే దారి కాదు.

"తలా ఒక అక్షరం, అక్షరానికో పురుగు వేషమండి. మీరే చూద్దురుగాని," అని సుబ్బరావమ్మ చప్పట్లు కొట్టింది.

తెరగా కట్టిన పాతచీర కదిలింది. చీమ వచ్చింది. మొహానికి 2003 నాటి క్యాలెండరు అట్ట, నెత్తిన రెండు చీపురుపుల్లలు, మెడ నుంచి పిక్కల దాకా యూరియా సంచి. "చ! చీమ!" అని అరిచి లోపలికి పరిగెత్తింది.

వెంకటరావమ్మ ఫైల్లో ఒక గీత గీసింది.

"తోసుకోకండర్రా! వరసలో నిలబడండి!" లోపల్నుంచి ఆయా హనుమాయమ్మ కేక.

తూనీగ వచ్చింది. ఈగ వచ్చింది. మిడత ఎగిరి గంతేసి, సంచి కాళ్ళకడ్డం పడి బోర్లా పడింది. అయినా లేచి, "మ! మిడత!" అని చెప్పే వెళ్ళింది.

పచ్చపురుగు రాగానే వెంకటరావమ్మ కాళ్ళు కుర్చీ మీదకి లాక్కుంది.

"ఈ ముదనష్టపుదాన్ని కూడా పెట్టావా తల్లీ! మా రెండెకరాల పత్తీ మింగేసింది."

"మా ఊళ్ళో 'ప' అంటే పిల్లలకి ముందు గుర్తొచ్చేది అదేనండి."

"సరేగానీ, ఆ మొహాల మీద అట్టలు తీయరేం?"

"తీస్తే సిగ్గుపడి నోరు విప్పరండి."

కందిరీగ మంచినీళ్ళడిగింది. గొంగళిపురుగు గొంతు బొంగురుపోయింది. నల్లి గోడ పట్టుకుని వచ్చి, గోడ పట్టుకునే వెళ్ళింది.

"ఇంత నీరసమేంటమ్మా? గుడ్లు సరిగ్గా పెడుతున్నారా?"

"రోజూ పెడుతున్నామండి. ఎండలు కదండీ."

పదిహేనో గీత పడింది. సంతకమూ పడింది. వెంకటరావమ్మ బ్యాగులోంచి చాక్లెట్ల పొట్లం తీసింది. "ఇంకెవరూ నీ కేంద్రం జోలికి రారులే. తలా ఒకటి ఇవ్వు, పాపం బాగా చెప్పారు."

జీపు మలుపు తిరిగాక సుబ్బరావమ్మ తెర పక్కకి లాగి, ఆ వేళ కేంద్రానికొచ్చిన ఒకే ఒక్క పిల్ల తేజశ్రీ దోసిట్లో పదిహేను చాక్లెట్లూ పోసింది.