దీవికి ఎనిమిది మంది

“వానలకు రాళ్ళ మీద పాచి పడుతుంది. కాలు జారితే కష్టం కదమ్మా?”

ఫోనులో ఆ గొంతు వినగానే కౌంటరులో ఉన్నామెకు నవ్వొచ్చింది. మళ్ళీ సందేహాలాయనే! ఆ పేరు ఆమె పెట్టుకున్నదే. సాయంత్రం ఆమె కౌంటరు మూసే వేళకు ఠంచనుగా ఫోను చేస్తాడు. ఎవరో చెప్పడు, టికెట్టు కొనడు. సందేహాలకు మాత్రం కరువు లేదు.

“జారడమేంటి బాబాయ్‌గారూ, మెట్లున్నాయిగా! చెప్పులు మానేసి బూట్లు వేసుకుంటే చాలు,” అంది, రోజూ ఎక్కి దిగుతున్నదానిలా.

నిజానికి తను టికెట్లు అమ్మే ఆ దీవి మొహం ఆమె ఎరగదు. ఆమెకు తెలిసిందల్లా గోడ మీది ఫోటో. సముద్రం మధ్య నల్లటి రాళ్ళ గుట్ట, దాని నెత్తిన చిన్న విడిది, చుట్టూ తెల్లటి పక్షులు. వానలు వెళ్ళాక మొదటి పడవ ఈ శనివారమే. పొద్దున వెళ్ళి, రాత్రి అక్కడుండి, మర్నాడు తిరిగి రావడం.

“పెద్దవాళ్ళు ఎక్కగలరంటావా?”

“మీరు నిక్షేపంగా ఎక్కేస్తారు.”

“నా సంగతి కాదమ్మా, నేను...”

“మీరేం కంగారు పడకండి. పైన విడిదిలో ఒకాయన ఉంటాడు. అన్నీ ఆయనే చూసుకుంటాడు. ఆయన చేతివంట తిన్నవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడుగుతారట!”

ఈ ‘అట’ కూడా ఆమె సొంత కవిత్వమే. ఆ లైనులో ఎప్పుడూ ఉండే హోరు వినిపించింది. ఆయనింట్లో పాత ఫ్యాను ఏదో ఉండాలనుకుంది.

“అలా అన్నారా?” అన్నాడు. తిండి దగ్గర పేచీల మనిషి కాబోలని ఆమె నవ్వుకుంది.

ఆమె ఈ ఊరికి వచ్చి ఎంతో కాలం కాలేదు. ఒంటి గది, ఒక కుర్చీ, ఒక కంచం. మేడ మీది వాళ్ళు ఎదురుపడితే తలుపు సరిగ్గా వేశావా అని అడుగుతారు, అంతే. ఆదివారాలు నోరు తెరిచే పనే ఉండదు. అందుకే ఈ చాదస్తపు ఫోను కోసం మధ్యాహ్నం నుంచే గడియారం వైపు చూడటం అలవాటైంది. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఆ రోజుకు ఆమెతో మనిషిలా మాట్లాడేది ఆయనొక్కడే.

“ఇంతకీ ఎంతమంది అయ్యారమ్మా?” అని అడిగాడు. ఈ ప్రశ్న అడగకుండా ఆయన ఏనాడూ ఫోను పెట్టలేదు.

ఎదురుగా సీట్ల బోర్డు ఖాళీగా ఉంది. సీట్లు అయిపోతున్నాయంటేనే జనం తొందరపడతారని ఓనరు మొదటి రోజే నూరిపోశాడు.

“ఎనిమిది మంది! ఇక రెండే ఉన్నాయి. ఆలస్యం చేస్తే మీ ఇష్టం.”

“ఎనిమిది మందా!” ఆయన గొంతు ఒక్కసారి లేచింది. “అందరూ ఖాయమేనా? ఆఖరి నిమిషంలో మానేసేవాళ్ళు ఉండరు కదా?”

ఎవరైనా మానేస్తే తీరిగ్గా కొందామని చూస్తున్నట్టున్నాడు, గట్టి పిండమే!

“ఒక్కరూ మానరు. అందరూ సరదా మనుషులు,” అని ఫోను పెట్టేసింది.

శుక్రవారం ఓనరు వచ్చి బోర్డు చూసి మొహం చిట్లించాడు.

“ఒక్కరూ లేరా? ఈ వారం పడవ కదలకపోతే ఈ ఏటికి ఆ దీవికి దణ్ణం పెట్టేద్దామమ్మా. ఈ కౌంటరు కూడా ఎందుకు?”

కౌంటరు పోతే ఉద్యోగం పోతుంది, సాయంత్రం ఫోనూ పోతుంది. రెండోది తలచుకుంటేనే ఆమెకు ఎక్కువ బాధేసింది.

“ఒకాయన రోజూ అడుగుతున్నాడు సార్. ఆయన తప్పకుండా వస్తాడు. నేనూ ఒక టికెట్టు కొనుక్కుంటాను.”

“నువ్వా?”

“నేను మాత్రం దీవి చూడకూడదా?”

ఓనరు నవ్వి, “సరే, ఆయన చేత ఔననిపించు. ఇద్దరైనా చిన్న పడవ తీయిస్తాను. లేకపోతే లేదు,” అని వెళ్ళిపోయాడు.

ఆమె బల్ల కింది సంచీ వైపు చూసుకుంది. రెండు జతల బట్టలు, కొత్త బూట్లు రెండు రోజుల కిందటే సర్దేసుకుంది. ఆయన ఎలా ఉంటాడో! మెట్ల దగ్గర చెయ్యి అందించాలి. దారంతా ఆయన సందేహాలు అడుగుతూ ఉంటే తను ఫోటోను తలుచుకుని జవాబులు కల్పిస్తూ ఉండాలి.

సాయంత్రం ఫోను మోగింది.

“అంతా సవ్యమేనా తల్లీ? అందరూ బయలుదేరుతున్నారా?” ఆ గొంతులో ఎప్పుడూ లేని హుషారు.

ఇక దాచడం ఆమె వల్ల కాలేదు.

“బాబాయ్‌గారూ, మీతో అబద్ధం చెప్పాను. ఎనిమిది మంది లేరు. ఒక్కరూ లేరు. మీరు కొంటారని అలా చెప్పాను. కోప్పడండి, పడతాను. కానీ మీరు ఊ అనండి చాలు. మీరూ నేనూ ఉన్నా పడవ తీస్తామన్నారు. వస్తారు కదూ?”

హోరు మధ్యలో పక్షులు గుంపుగా అరిచాయి.

“నేనిక్కడ ఎనిమిది పక్కలూ పరిచేశానమ్మా.”